నాయన హరికథ రికార్డింగ్: ఇంటర్‌ఫేస్ లైట్లు వెలుగుతున్నాయి, గొంతు మాత్రం లోపలికి పోవడం లేదు

మురకంబట్టు అబ్బోడు, చిత్తూరు

అందరికీ నమస్కారం. రికార్డింగ్ సంగతులు తెలిసినవాళ్ళు ఎవరైనా కాస్త దారి చూపించండి. ఆదివారమంతా దీని ముందే కూర్చున్నాను, ఒక్క ముక్క రికార్డు కాలేదు.

మా నాయన హరికథ చెప్తాడు. మా వైపు ఎండాకాలంలో ఊరూరా భారతం జరుగుతుంది కదా. ధర్మరాజుల గుడి దగ్గర మధ్యాహ్నం హరికథ, రాత్రికి వీధి నాటకం. ఆ మధ్యాహ్నం కథ మా నాయనది. గొంతు ఇప్పటికీ కంచులాగే ఉంది గానీ వయసు మీద పడుతోంది. ఊళ్ళోవాళ్ళు ఫోన్లో తీసిన వీడియోలు బోలెడున్నాయి. అన్నిట్లోనూ హారన్ల గోల, పసిపిల్లల ఏడుపు, ఐస్‌బండి గంట. కథలు మొదలైతే ఆయన ఇంట్లో దొరకడు. ఆలోపే బకాసుర వధ, కీచక వధ, ఈ రెండైనా శుభ్రంగా రికార్డు చేసి పెట్టుకోవాలని నా ఆశ. మృదంగం మా మామ వాయిస్తాడు.

సామాను సంగతి. బెంగళూరులో ఉద్యోగం చేసే ఫ్రెండు తన ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె) కొన్నాళ్ళు వాడుకోమని ఇచ్చాడు, థర్డ్ జనరేషన్‌ది. ల్యాప్‌టాప్‌లో విండోస్ 11. రికార్డు చేయడానికి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. మైకు ఆన్‌లైన్లో కొన్న కండెన్సర్, స్టాండు, స్పాంజి, కేబులు అన్నీ ఒకే డబ్బాలో వచ్చాయి. ఆ కేబులుకు మైకు వైపు మూడు రంధ్రాల ప్లగ్గు, రెండో వైపు ఇయర్‌ఫోన్ పిన్ను లాంటి సన్నది. అది ఇంటర్‌ఫేస్‌కు సరిపోలేదు కాబట్టి లావు పిన్ను కన్వర్టర్ తగిలించి మధ్య రంధ్రంలో పెట్టాను.

యూఎస్‌బీ లైటు వెలుగుతోంది. విండోస్‌లో పేరు కూడా కనిపిస్తోంది. ఆడాసిటీలో రికార్డు నొక్కితే మాత్రం గీత గీసినట్టు చదునుగా పోతుంది. గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే నాబ్) చివరిదాకా తిప్పితే ఝుయ్‌మని శబ్దం తప్ప గొంతు లేదు. ఇదే మైకు ల్యాప్‌టాప్ రంధ్రంలో పెడితే సన్నగానైనా పలుకుతోంది! డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశాను, విండోస్ అప్‌డేట్ చేశాను, ఏం మార్పు లేదు. పెట్టె పాడైపోయిందేమోనని ఒకటే టెన్షన్, పైగా అది నాది కూడా కాదు. నాయనేమో పొద్దున్నే కాఫీ తాగుతూ "ఏమిరా, నీ పెట్టె మాట్లాడిందా" అంటున్నాడు.


ఎస్వీయూ హాస్టల్, తిరుపతి

డ్రైవర్ ప్రాబ్లం బ్రో ఇది. ఆసియో4ఆల్ అనే సౌండ్ డ్రైవర్ వేసుకో, బఫర్ తగ్గించు, సెట్ అయిపోతుంది. నా గిటార్‌కు అదే వాడుతున్నాను. ఇంకోటి, విండోస్ సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి వెళ్ళి మైక్రోఫోన్ పర్మిషన్ చూడు. డెస్క్‌టాప్ యాప్‌లకు పర్మిషన్ ఆఫ్‌లో ఉంటే ఆడాసిటీకి ఏమీ వినపడదు.


కొర్లగుంట మైక్‌సెట్, తిరుపతి

తమ్ముడూ, ల్యాప్‌టాప్ ఆన్‌లోనే ఉండనీ, కాసేపు దాని మొహం మాత్రం చూడొద్దు.

మాది కొర్లగుంటలో మైక్‌సెట్. మా నాయన కాలం నుంచి గంగమ్మ జాతరకు హారన్లు కట్టినవాళ్ళం. ఇప్పుడు షాపు వెనక చిన్న రూములో భక్తి పాటలు రికార్డు చేస్తుంటాను. స్టేజీ మీద మైకు పలకలేదంటే మేం మైకు దగ్గర మొదలుపెట్టి ఒక్కో మజిలీ చూసుకుంటూ యాంప్లిఫయర్ దాకా పోతాం. శబ్దం ఎక్కడిదాకా వచ్చి ఆగిందో రోగం అక్కడే ఉంటుంది. ఆడాసిటీ నీ దారిలో ఆఖరి మజిలీ. నువ్వు అక్కడ కూర్చుని మైకు కోసం వెతుకుతున్నావు.

ఇంటర్‌ఫేస్ ముందు గెయిన్ తిప్పే గుండ్రటి నాబ్ ఉంది కదా, దాని చుట్టూ ఒక వెలుగు వలయం ఉంటుంది. మైకులో మాట్లాడితే పచ్చగా వెలగాలి. గట్టిగా అంటే ఆరెంజ్, మితిమీరితే ఎరుపు. గొంతు పెట్టె లోపలికి వచ్చిందా లేదా అని చెప్పేది అదే. విండోస్‌లో ఏ డివైస్ ఎంచుకున్నావు, ఆడాసిటీలో ఏం నొక్కావు అన్నదాంతో దానికి పని లేదు. ఇంత రాశావు గానీ ఆ వెలుగు మాటే లేదు నీ పోస్టులో. ఇప్పుడు చూడు, మైకులో అరిచినా వెలగదు. అంటే నీ గొంతు కంప్యూటర్ దాకా పోనే లేదు. మరి డ్రైవర్ మీద కోపం ఎందుకు?

ఇప్పుడు సాకెట్ చూడు. చుట్టూ మూడు చిన్న రంధ్రాలు, మధ్యలో ఒక పెద్ద రంధ్రం. బయటికి ఒకటే మూతి, లోపల దారులు రెండు. మూడు పిన్నుల ప్లగ్గు పెడితే మైకు ప్రీయాంప్ దారి, అంటే మైకు సన్నటి సిగ్నల్‌ను పెంచే దారి. మా మైక్‌సెట్ వాళ్ళం కానన్ పిన్ అంటాం, డబ్బా మీద ఎక్స్‌ఎల్‌ఆర్ అని రాసుంటుంది. కండెన్సర్ మైకుకు కావాల్సిన 48 వోల్టులు కూడా ఆ పిన్నుల మీదే వస్తాయి. మధ్య రంధ్రంలో లావు పిన్ను పెట్టావంటే అది లైన్ దారి. కీబోర్డు, మిక్సర్ లాంటి గట్టి సిగ్నల్ కోసం పెట్టింది అది. ఇన్‌స్ట్ బటన్ నొక్కితే గిటార్‌కు పనికొస్తుంది. అందులో 48 వోల్టులు రావు. నువ్వు పైన 48వి బటన్ నొక్కినా, నొక్కకపోయినా నీ మైకుకు అందేది ఏమీ లేదు.

కండెన్సర్ మైకు లోపల పలచటి పొర, దాని వెనక ప్లేటు, పక్కన చిన్న సర్క్యూట్ ఉంటాయి. కరెంటు అందకపోతే ఆ సర్క్యూట్ లేవదు. ల్యాప్‌టాప్ రంధ్రంలో సన్నగా పలికిందన్నావే, అక్కడే దొరికిపోయింది విషయం. హెడ్‌సెట్ మైకుల కోసం ఆ రంధ్రం కొద్ది వోల్టులు ఇస్తుంది. ఆ కాస్తతోనే నీ మైకు మూలిగింది. కాబట్టి మైకు బతికే ఉంది. పెట్టె పాడైందనుకోవడానికి కూడా ఇంతవరకూ ఆధారం లేదు.

ఆ కేబుల్లో ఇంకో తిరకాసు ఉండొచ్చు. సన్న పిన్ను మీద నల్ల గీతలు ఎన్నో చూడు. రెండుంటే పిన్ను మూడు ముక్కలుగా ఉన్నట్టు. ఇలాంటి కొన్ని కేబుళ్ళలో మైకు తీగ ఒక్కదాన్నే పిన్ను కొనకూ మధ్య రింగుకూ కలిపి అతికిస్తారు, రెండు చెవుల్లోనూ రావాలని. నీ లైన్ సాకెట్ మాత్రం కొనకూ రింగుకూ మధ్య ఉన్న తేడానే శబ్దంగా తీసుకుంటుంది. రెండింట్లోనూ ఒకటే ఉంటే తేడా సున్నా. నిక్షేపంలాంటి మైకు కూడా అక్కడ మూగబోతుంది. నువ్వు విన్న ఝుయ్ గురించి ఇప్పుడే కంగారు పడకు. గెయిన్ చివరిదాకా తిప్పితే ఏ పెట్టె అయినా కాస్త కూస్తుంది.

చేయాల్సింది ఒకటే. ఒక వైపు ఆడ, ఒక వైపు మగ, రెండు వైపులా మూడు పిన్నులదే కేబులు తెచ్చుకో. చిత్తూరులో సౌండ్ సర్వీస్ వాళ్ళ దగ్గర దొరుకుతుంది. లేదంటే మీ ఊరి పెళ్ళిళ్ళకు మైకు పెట్టే ఆయన్ని ఒక పూటకు అడుగు, మా వాళ్ళెవరూ కాదనరు. రిచీ స్ట్రీట్ కోసం చెన్నై బస్సు ఎక్కనక్కర్లేదు. నాలుగైదు మీటర్లు చాలు. కొనేముందు ప్లగ్గు వెనక మూత తిప్పి లోపల చూడు. మూడు పిన్నులకు విడివిడిగా అతుకులుండాలి, 1 ఎర్త్, 2, 3 సిగ్నల్. 1నీ 3నీ కలిపి అతికించినది చేతికిస్తే అక్కడే తిరిగిచ్చేయ్.

పెట్టే వరస కూడా విను. గెయిన్, హెడ్‌ఫోన్ వాల్యూం రెండూ సున్నాకు తెచ్చి, కేబుల్ పెట్టి, ఆ తర్వాత 48వి నొక్కు. కొన్ని సెకన్లు ఆగి అప్పుడు గెయిన్ పెంచు. తీసేటప్పుడు ముందు 48 ఆపు, కాస్త ఆగు, తర్వాత కేబుల్ లాగు. లేదంటే ఠప్‌మని చెవి అదిరిపోతుంది. ఈ 48 అనే లెక్క ఎక్కడిదో మా షాపుకొచ్చే పిల్లలు అడుగుతుంటారు. 1966లో నార్వే రేడియో కోసం న్యూమన్ కంపెనీ మైకులు చేసింది. ఆ రేడియో స్టేషన్లో ఎమర్జెన్సీ లైట్లకు అప్పటికే 48 వోల్టుల సప్లై ఉందట. మైకులకూ అదే వాడారు. అలా స్థిరపడింది, ఈరోజు నీ గెయిన్ నాబ్ పక్కకు వచ్చి కూర్చుంది.

హాస్టల్ తమ్ముడికి ఒక మాట. ఆసియో4ఆల్ సొంత ఆసియో డ్రైవర్ (శబ్దం ఆలస్యాన్ని తగ్గించే రకం) లేని సౌండ్ కార్డుల కోసం. స్కార్లెట్‌కు కంపెనీ డ్రైవరే ఉంది, దాని మీద ఇంకోటి పెడితే గందరగోళమే మిగులుతుంది. పైగా ఆడాసిటీ 3 మామూలుగా డౌన్‌లోడ్ చేస్తే అందులో ఆసియో ఉండదు. పర్మిషన్ సంగతి మాత్రం నువ్వు చెప్పిందే కరెక్టు, అబ్బోడు అది చూసుకోవాలి.


మురకంబట్టు అబ్బోడు

అన్నా, పలికింది! సంతపేటలో సౌండ్ సర్వీస్ ఆయన కేబులిచ్చాడు, డబ్బులు తీసుకోలేదు, "మీ నాయన కథకు మేమే కదా మైకు పెట్టేది" అన్నాడు. 48 నొక్కి గెయిన్ సగం కూడా తిప్పకముందే పచ్చ వెలుగు. పాత కేబుల్ పిన్ను మీద మీరన్నట్టే రెండు నల్ల గీతలు.

అయితే నాయన్ని మైకు ముందు నిలబెడితే కొత్త కష్టాలు. మాట్లాడితే బాగుంది. చిడతలు వేశాడా, ఎర్ర వెలుగు. గెయిన్ తగ్గిస్తే చిడతలు సరిపోతున్నాయి, మెల్లగా చెప్పే మాటలు వినపడటం లేదు. హెడ్‌ఫోన్స్‌లో గొంతు రెండుసార్లు వినిపిస్తోంది, ఒకటి వెంటనే, ఇంకోటి కాస్త వెనకాల. ఆయన వాటిని పెట్టుకుని రెండు నిమిషాలకే తీసి పడేశాడు. రికార్డయింది ఎడమ చెవిలోనే వస్తోంది. ల్యాప్‌టాప్ చార్జర్ పెడితే సన్నగా గుయ్‌మంటోంది. మామ మృదంగానికి రెండో మైకు ఏది తీసుకోవాలి?


కొర్లగుంట మైక్‌సెట్

చిన్నవి ముందు తేల్చేస్తాను, చిడతల దగ్గర కూర్చుని మాట్లాడుకోవాలి.

ఎడమ చెవి: ఇన్‌పుట్ 1 ఎడమకు, 2 కుడికి పోతాయి, అంతే. అది నీకు మంచిదే. ఆడాసిటీలో స్టీరియోగానే తీసుకో, ఒక దాంట్లో గొంతు, ఒక దాంట్లో మృదంగం వస్తాయి. రికార్డయ్యాక ట్రాక్ పేరు దగ్గర మెనూలో స్ప్లిట్ స్టీరియో టు మోనో నొక్కితే రెండూ విడిపోయి మధ్యకు వస్తాయి. అప్పుడు దేని వాల్యూం దానికి మార్చుకోవచ్చు. ఆడాసిటీలో హోస్ట్ (విండోస్ నుంచి శబ్దం తీసుకునే దారి) దగ్గర విండోస్ వసాపీ పెట్టు. శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందన్న లెక్క) విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లోనూ ఆడాసిటీలోనూ 48000 ఒకటే ఉండాలి, ఒకచోట 44100, ఇంకోచోట 48000 పెట్టి తలనొప్పి తెచ్చుకోకు.

రెండు గొంతులు: ఒకటి ఇంటర్‌ఫేస్ నుంచి నేరుగా వస్తోంది, డైరెక్ట్ మానిటర్ బటన్ పుణ్యం. రెండోది కంప్యూటర్‌లోకి పోయి, తిరిగి వచ్చి చెవిలో పడుతోంది. ఆడాసిటీలో ఇన్‌పుట్ మానిటరింగ్ ఆన్ అయి ఉంటుంది, ఆపెయ్. బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకు పోగేసుకునే శబ్దం, 1024 శాంపిల్స్ ఉంటే, 48000తో భాగిస్తే, పోవడానికే 21 మిల్లీసెకన్లు, రావడానికి ఇంకో 21. గాలిలో శబ్దం ఆ వ్యవధిలో దాదాపు 15 మీటర్లు పోతుంది. గుడి అవతలి కొస నుంచి తన గొంతే తనకు వినిపిస్తుంటే ఏ దాసు గారు తాళం నిలుపుకుంటారు?

అసలు ఆయనకు హెడ్‌ఫోన్స్ ఎందుకయ్యా? సినిమా పాట కాదు కదా, వెనక ట్రాక్ విని పాడటానికి. మీ మామ ఎదురుగా ఉంటాడు, శ్రుతి పక్కన ఉంటుంది. ఇన్నేళ్ళుగా జనం మొహాలు చూసి చెప్పిన మనిషి చెవులు మూస్తే కథ నీరసపడుతుంది. హెడ్‌ఫోన్స్ నువ్వు పెట్టుకో. వీలైతే పక్కింటివాళ్ళను నలుగురిని పిలిచి గోడ వారగా కూర్చోబెట్టు, ఊ కొట్టేవాళ్ళుంటే ఆయన వేరే మనిషైపోతాడు. ఫోన్లు మాత్రం బయట పెట్టించు.

ఇక చిడతలు. చెక్కకు చెక్క కొట్టుకుని, దాంట్లో గజ్జెలు కూడా మోగుతాయి. ఆ దెబ్బ కంటి రెప్పపాటు కూడా ఉండదు, కానీ ఎత్తు మాత్రం గొంతుకు ఎన్నో రెట్లు. కండెన్సర్ మైకుకు ఇలాంటి టకటకలంటే మహా ప్రేమ, దేన్నీ వదలదు. అందుకని నేనైతే మైకులు తారుమారు చేస్తాను. గొంతుకు స్టేజీ మీద వాడే డైనమిక్ మైకు, షూర్ ఎస్‌ఎం58 లాంటిది. సంతపేట ఆయన దగ్గర తప్పకుండా ఉంటుంది. దానికి పొర బరువెక్కువ, చిడతల పదును అక్కడే కాస్త మొద్దుబారుతుంది. నీ కండెన్సర్ మృదంగానికి పెట్టు. నీ పెట్టెలో 48వి బటన్ రెండు ఇన్‌పుట్లకూ కలిపి ఒకటే, డైనమిక్‌కు కూడా వోల్టులు పోతాయని భయం వద్దు. కేబుల్ సరిగ్గా ఉంటే 2, 3 పిన్నుల మీద సమానంగా ఉంటుంది కాబట్టి దాన్ని ఏమీ చేయదు. పాత రిబ్బన్ మైకు ఎవరైనా ఇస్తే మాత్రం దీనికి తగిలించొద్దు.

మైకు ఎక్కడ పెడతావన్నది గెయిన్ కన్నా ముఖ్యం. చిడతలు ఆయన చేతిలో, రొమ్ము ఎత్తున ఉంటాయి. మైకు నోటికి సూటిగా పెడితే కిందినుంచి అవి నేరుగా తగులుతాయి. స్టాండు పైకి లేపి, నుదుటి ఎత్తున పెట్టి, నోటి వైపు కిందికి వంచు. జానెడు, జానెడున్నర దూరం. ఎస్‌ఎం58 వెనక వైపు సరిగా వినదు కాబట్టి ఆ వెనక భాగం మృదంగం వైపు ఉండేలా చూసుకో. హరికథంటే నిలబడి చెప్పేది కాదు, అడుగులేస్తారు, తిరుగుతారు. ఆపమని చెప్పొద్దు. చిన్న చాప పరిచి, దాని మీదనుంచి దిగకుండా చెప్పమను. అడుగుల చప్పుడు కూడా చాప కొంత మింగుతుంది. కాళ్ళ గజ్జెలు ఉండనీ, అవి లేకపోతే అది హరికథలా ఉండదు.

లెవెల్ పెట్టేటప్పుడు "ఏదైనా నాలుగు మాటలు చెప్పు నాయనా" అంటే లాభం లేదు, ఆ నాలుగు మాటలు ఎవరైనా మెల్లగానే చెప్తారు. బకాసురుడి మీదికి భీముడు లేచే ఘట్టం, చిడతలతో సహా, పూర్తి గొంతుతో చెప్పించు. అందులో అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఆడాసిటీ మీటర్లో మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు, మామూలు కథనం మైనస్ 18 చుట్టుపక్కల ఆడుతుంటే చాలు. మెల్లటి మాటలు తక్కువైపోతాయని గెయిన్ పెంచకు. 24 బిట్‌లో ఉన్నావు కాబట్టి తర్వాత పైకి లేపుకోవచ్చు. ఎరుపులో చిరిగిపోయిన శబ్దాన్ని మాత్రం ఎవడూ కుట్టలేడు. కళ్ళు ఆయన మీద కాదు, ఆ వలయం మీద పెట్టు.

మృదంగానికి కండెన్సర్‌ను కుడి మూతకు కొంచెం పైనుంచి, మూరెడు దూరంలో, రెండు వైపులా వినిపించేలా పెట్టు. మరీ దగ్గర పెడితే వేలు తగిలే చప్పుడే ఎక్కువ వస్తుంది. శ్రుతి బాక్సు రెండు మైకులకూ దూరంగా, బ్యాటరీ మీద నడపండి.


బైరాగిపట్టెడ టీచర్, తిరుపతి

బాబూ, చార్జర్ గుయ్ సంగతి నేను చెప్తాను, అది నాతో చాలాకాలం కాపురం చేసింది. ఆన్‌లైన్లో పిల్లలకు అన్నమయ్య కీర్తనలు నేర్పుతాను, క్లాసులో ఆ మోత శ్రుతితో పోటీ పడేది. ముందు చార్జర్ తీసేసి బ్యాటరీ మీద రికార్డు చేసి చూడండి. ఆగిపోతే దోషం మైకుది కాదు. నేను చార్జింగ్ నిండుగా పెట్టుకుని పాఠమంతా బ్యాటరీ మీదే చెప్తున్నాను.

బ్యాటరీ మీద కూడా వస్తుంటే గదిలో వెతకాలి. మా ఇంట్లో కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉంటే ఒక రకం మోత, ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పితే ఇంకో రకం. మైకు కేబుల్‌ను చార్జర్ తీగ పక్కనే పరిచినా వచ్చేది. ఇప్పుడు ఫ్యాన్ ఆపి, చెమటలు తుడుచుకుంటూ పాడుతున్నాం, ఏం చేస్తాం. గది ప్రతిధ్వనికి మాత్రం బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి, కిటికీకి రెండు బొంతలు వేలాడదీశాను. గుడ్ల ట్రేలు అతికించమని ఎవరైనా చెప్తే వినకండి, గోడ పాడవడం తప్ప లాభం లేదు.

తెల్లవారుజామున అయితే ప్రశాంతంగా ఉంటుందని లేచి కూర్చుంటే, మా వీధి గుడి మైకులో సుప్రభాతం మొదలవుతుంది. స్వామి పేరే కదా అని ఏమీ అనలేను.


కొర్లగుంట మైక్‌సెట్

ఆ మైకు మాదే మేడం. హారన్ మీ వైపు నుంచి తిప్పించి పెడతాను, ఎవరికీ చెప్పకండి.

అబ్బోడా, మేడం చెప్పిన బ్యాటరీ పరీక్ష చెయ్. దాంతోపాటు చార్జర్ ప్లగ్గు చూడు. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్లో దూర్చి ఉంటే ఎర్త్ తెగిపోయినట్టే. ల్యాప్‌టాప్ మీద చేతి వెనక భాగం రాస్తే సన్నగా జుమ్మంటుంటే ఇదే లక్షణం. నేరుగా గోడ సాకెట్లో పెట్టు. గుయ్ పోతుందని ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్ళను చూశాను, ఆ పని ఎవరు చెప్పినా చెయ్యొద్దు. అది ప్రాణం కోసం పెట్టిన పిన్ను. స్పీకర్లు కూడా కలిపితే అవీ ల్యాప్‌టాపూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఉండాలి.

మీది పాత ఇల్లు అయితే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సాకెట్‌లో ఎర్త్ వస్తోందో లేదో చూపించు. ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోతే ఎర్త్ బలహీనపడుతుంది. బొగ్గు, ఉప్పు వేసిన పాతకాలపు గుంత అయితే నాలుగు బిందెల నీళ్ళు పోయించు. జాతర పందిళ్ళ దగ్గర జనరేటర్ పెట్టేటప్పుడు మేం ముందు చేసే పని అదే.

ఇంకోటి, యూఎస్‌బీ హబ్ గానీ వాడుతున్నావా? వద్దు. ఇంటర్‌ఫేస్ ల్యాప్‌టాప్‌కే నేరుగా. 48 వోల్టులు కూడా ఆ యూఎస్‌బీ ఇచ్చే కరెంటులోంచే తయారవ్వాలి, నాసిరకం హబ్ దగ్గర అది తడబడి మధ్యలో రికార్డింగ్ తెగిపోతుంది.


ఎస్వీయూ హాస్టల్

అన్నా, నా గిటార్ కూడా చార్జర్ పెడితే గుయ్‌మంటుంది. నేను పికప్ అనుకున్నా ఇన్నాళ్ళూ. థాంక్స్.

అబ్బోడు బ్రో, ఆడాసిటీ వద్దనుకుంటే రీపర్ ట్రై చెయ్. 60 రోజులు ఫ్రీగా చూడొచ్చు, ఫీచర్లన్నీ పనిచేస్తాయి. ఆప్షన్స్, ప్రిఫరెన్సెస్, ఆడియో, డివైస్‌లోకి పోయి ఆసియో ఎంచుకుంటే ఫోకస్‌రైట్ పేరు కనిపిస్తుంది. ట్రాక్ ఒకటికి ఇన్‌పుట్ 1, రెండోదానికి ఇన్‌పుట్ 2 ఇచ్చి ఎర్ర బటన్లు నొక్కితే మొదటి నుంచే విడివిడిగా వస్తాయి.


మురకంబట్టు అబ్బోడు

అందరికీ దండం. చార్జర్ తీస్తే గుయ్ పోయింది. మేడం, మీరన్నట్టు బొంతలు కట్టాను, అవ్వ చూసి "ఎవరికిరా కాన్పు" అంది. డైనమిక్ మైకు తెచ్చి నుదుటి ఎత్తున పెట్టాను, చిడతలు ఇప్పుడు ఆరెంజ్ దాటడం లేదు. హబ్ వాడటం లేదన్నా.

ఆఖరి డౌటు. కీచక వధ నాయన పూర్తిగా చెప్తే మూడు గంటలు దాటొచ్చు. మధ్యలో ఆగితే ఆయనకు కోపం. ఒకే ఫైల్‌గా అంతసేపు తీయొచ్చా? ల్యాప్‌టాప్‌లో ఇంకా 40 జీబీ ఖాళీ ఉంది.


కొర్లగుంట మైక్‌సెట్

తీయొచ్చు. లెక్క చూడు. సెకనుకు 48000 శాంపిల్స్, ఒక్కోదానికి 3 బైట్లు, రెండు ట్రాకులు. గంటకు 1 జీబీ కన్నా కొంచెం ఎక్కువ. ఆడాసిటీ తన లోపల 32 బిట్‌లో దాస్తుంది కాబట్టి గంటకు 1.4 జీబీ దాకా అనుకో. నీకు జాగా ధారాళంగా ఉంది. వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు మాత్రం మామూలు వేవ్ ఫైలుకు 4 జీబీ హద్దు ఉంది. 24 బిట్ స్టీరియో అయితే నాలుగు గంటలు కాస్త దాటేవరకూ పడుతుంది. మూడు గంటల కథకు ఇబ్బంది లేదు, అయినా ఘట్టం ఘట్టం విడగొట్టి దాచుకుంటే తర్వాత వెతుక్కోవడం తేలిక.

మూడు గంటలు బ్యాటరీ నిలవదు. గోడ సాకెట్‌లో నేరుగా పెట్టి చార్జర్ మీద ఒకసారి రికార్డు చేసి విను. గుయ్ లేకపోతే అలాగే కానీ. ఇంకా ఉంటే ఎర్త్ సంగతి తేలేదాకా ఆగు, లేదా బ్యాటరీ ఎంతసేపు వస్తుందో చూసుకుని ఆ లోపల ఒక విరామం పెట్టించు. హరికథలో విరామం ఎలాగూ ఉంటుంది, కాఫీ నువ్వే తీసుకెళ్ళు, కోపం రాదు. అప్పుడే మామను మృదంగం తొప్పి (ఎడమ మూత) వైపు రవ్వ ముద్ద చూసుకోమను, అది ఆరిపోతే గుమ్ము మారిపోయి మొదటి సగానికీ రెండో సగానికీ పొంతన ఉండదు. విండోస్ అప్‌డేట్, వైఫై, స్క్రీన్ ఆగిపోయే సెట్టింగు మూడూ ఆపి మొదలుపెట్టు. అయిపోగానే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో ఒక కాపీ వేసి, ఆ తర్వాతే కేబుళ్ళు పీకు. కేబుళ్ళకు ముందు 48వి, గుర్తుంది కదా.